వంగిన ఊచ

మా అపార్ట్‌మెంటు లిఫ్టులో ఈమధ్య నిలువెత్తు అద్దం బిగించారు. ఎవరడిగారో తెలియదు. అసోసియేషన్‌వాళ్ళు మాత్రం అందరి కోరిక మేరకే అన్నారు. డెబ్బై దాటిన మనిషికి ఐదు అంతస్తుల పొడుగునా తన ముఖం తాను చూసుకోవలసిన అవసరం ఏముంటుందో నాకు అంతుపట్టలేదు. అందుకని లిఫ్టు ఎక్కగానే అద్దానికి వీపు పెట్టి, తలుపుకేసి చూస్తూ నిలబడతాను. మొన్న వాన కురిసిన సాయంత్రం అలాగే నిలబడ్డాను. లిఫ్టులో మనుషులెవరూ లేరు కానీ ఒక వాసన ఉంది. తడిసిన గోనెసంచీ, పాత ఉన్నీ, కాస్త తుప్పూ కలిస్తే వచ్చే వాసన. పెద్ద కుక్క ఒకటి వానలో తడిసి, అప్పుడే దిగి వెళ్ళిందన్నమాట. ఆ ఐదు అంతస్తులూ నేను అమీన్‌పూర్‌లో లేను. పటాన్‌చెరులో మా కిరాయి ఇంటి వసారాలో, డెబ్బైల నాటి ఒక ముసురులో ఉన్నాను.

తలుపు తెరుచుకునేసరికి ఎదుటి ఫ్లాట్ అమ్మాయి నిలబడి ఉంది. ఒక చేత్తో రెండేళ్ళ కొడుకునీ, ఇంకో చేత్తో కుక్కపిల్లనీ పట్టుకుంది. పిల్ల అన్నది వయసును బట్టే. ఆకారంలో అది దూడకు దగ్గరగా ఉంది. పంజాలు చూస్తే ఇంకా పెరగబోయేది చాలా ఉందని తెలుస్తోంది.

"ఆంటీ, మీ ఇంట్లో ఒకప్పుడు పెద్ద కుక్క ఉండేదటగా? ఇది కాపలా జాతి. బాబేమో చిన్నవాడు. పిల్లలున్న ఇంటికి మంచిదేనంటారా?" అని అడిగింది.

తర్వాత చెబుతానని లోపలికి వచ్చేశాను. మంచిదేనా అన్న ప్రశ్నకు జవాబు చెప్పేముందు నేను ఆగుతాను. ఆ అలవాటు నాకు పుట్టుకతో వచ్చింది కాదు, విఠల్‌రావుగారి వల్ల వచ్చింది.

విఠల్‌రావుగారు మా ప్లాంటులో, అంటే పటాన్‌చెరు దగ్గరి ప్రభుత్వ ఫ్యాక్టరీలో, పరీక్షల ల్యాబుకు పెద్ద. సంగారెడ్డి మనిషి. హైదరాబాదులో ఇంజనీరింగు చదివి, మళ్ళీ సొంత ఊళ్ళోనే ఉంటూ రోజూ స్కూటరు మీద డ్యూటీకి వచ్చేవారు. నేను గుడివాడ వైపు పల్లెనుంచి కెమిస్ట్రీ డిగ్రీ పట్టుకుని వచ్చాను. మా ఆయన మూర్తిగారిది అదే ప్లాంటులో స్టోర్సు ఉద్యోగం. కెమిస్ట్రీ చదివాను కాబట్టి నన్ను ఇనప కడ్డీలు తెంపే గదిలో వేశారు. ప్రభుత్వరంగంలో ఇలాంటి న్యాయం మామూలే. ఆ గదిలో ఒకే ఒక పెద్ద మిషను ఉండేది. కరిగించి పోసిన ప్రతి విడత ఇనుమునుంచీ ఒక చిన్న ముక్క మా దగ్గరకు వచ్చేది. దాన్ని మిషనులో పైనా కిందా బిగించి లాగాలి. మొదట ఏమీ జరగదు. తర్వాత ముక్క నడుము దగ్గర సన్నబడుతుంది. ఆ తర్వాత తుపాకీ పేలినంత శబ్దంతో తెగుతుంది. ఎంత లాగితే తెగిందో రాసుకుంటే ఆ విడత బలమెంతో తెలిసినట్టు. తెగిన ముక్కను పారేసి, అది చెప్పిన మాట మీద మిగతా ఇనుమునంతా లోపలికి పంపేవాళ్ళం.

చేరిన కొత్తల్లో ఒక రోజు ముక్కను లాగుతున్నాను. మిషను మీద ముల్లు దాటవలసిన గీత దాటింది. అది తెగలేదు. ఇంతలో భోజనాల సైరను మోగింది. నేను మిషను ఆపేసి, కాగితం మీద "బాగుంది" అని రాసి క్యారియర్ విప్పుకున్నాను. విఠల్‌రావుగారు జొన్నరొట్టె చేత్తో పట్టుకునే వచ్చి ఆ కాగితం చూశారు.

"ఏం కెమిస్టమ్మా, తెగిందా?"

"లేదు సార్, బాగుంది."

"బాగున్నదా, తెగలేదా?"

"రెండూ ఒకటే కద సార్."

"రెండూ ఒకటైతే నీకు జీతమెందుకు? బజార్ల ఎవరినడిగినా బాగున్నదనే అంటరు. మనం చూసిందే రాయాలె. గీడిదాక గుంజిన, తెగలే. అంతే. గా ముందట ఏమైతదో తెల్వదు. తెల్వదని రాసుటానికి సిగ్గెందుకు?"

రొట్టె ముగిసేదాకా ఆయన అక్కడే నిలబడి, నా చేత మిషను మళ్ళీ నడిపించి, ముక్క తెగాకే వెళ్ళారు. నా అన్నం చల్లారిపోయింది. ఆ రోజు నాకు ఆయన మీద కలిగిన భావాన్ని గౌరవం అనలేను.

కూర్చోబోయే ముందు కుర్చీ వీపు పట్టుకుని ఒకసారి ఊపి చూడటం ఆయన అలవాటు. సొంత గదిలో, ఏళ్ళ తరబడి తాను కూర్చున్న కుర్చీనయినా సరే. పెళ్ళికి వెళితే పందిరి గుంజను ఊపి చూసేవారు. పెళ్ళివారికి అది పెద్దగా నచ్చేది కాదు. ఆయన ఊపిన పందిరి ఏదీ కూలినట్టు నాకు తెలియదు. ల్యాబులో మేమంతా దాన్ని తలచుకుని నవ్వుకునేవాళ్ళం. నేను ఆయన నడకనూ కుర్చీ ఊపుడునూ అభినయించి చూపిస్తే క్యాంటీను బల్లలు మారుమోగేవి. ఒకసారి ఆయనే వెనకనుంచి చూసి, "గట్ల గాదమ్మా, ఎడమ చేత్తో ఊపాలె" అని సరిచేసి వెళ్ళారు.

మా అమ్మాయి సుధ పుట్టాక అసలు ఇబ్బంది మొదలైంది. క్వార్టర్స్ ఇంకా రాలేదు. పటాన్‌చెరులో బొంబాయి రోడ్డును ఆనుకుని ఉన్న ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. గేటు దాటి పది అడుగులు వేస్తే లారీలు. పిల్లను చూసుకోవడానికి మా అత్తగారు ఊరినుంచి వచ్చారు. మనిషి బంగారం. కానీ కళ్ళు మసక. పైగా అన్నం తినగానే ఒక కునుకు తీయకపోతే ఆవిడకు లోకం మీద నమ్మకం పోయేది. ఆయాల కోసం వెతికాం. ఆ చుట్టుపక్కల అప్పుడప్పుడే ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. భానూరు నుంచీ పటేల్‌గూడ నుంచీ వచ్చే ఆడవాళ్ళు పిల్లలను ఎత్తుకోవడం కంటే ఇటుకలెత్తడం నయమనుకునే రోజులు. సుధ నడక నేర్చిందంటే నేను ఉద్యోగం మానేయాలి. ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు. అనకుండానే అందరికీ తెలుసు. ఇనుము తెంపడం మీద నాకంత మోజు ఎప్పుడు పుట్టిందో చెప్పలేను గానీ, మానాలంటే మాత్రం ప్రాణం ఒప్పలేదు.

సరిగ్గా అప్పుడే మా ఆయన సుల్తాన్‌ను తెచ్చారు. ప్లాంటు సెక్యూరిటీవాళ్ళ అల్సేషియన్ అది. వెనక కాలు దెబ్బతిని కుంటుతోందని డ్యూటీనుంచి తీసేశారు. ఎవరైనా సాకుతామంటే ఇస్తామన్నారు. సుధ నిలబడితే దాని మెడ దాకా వచ్చేది. వచ్చిన రోజే పిల్ల దాని చెవి పట్టుకుని గుంజింది. అది కళ్ళు మూసుకుని ఊరుకుంది. "చూశావా, ఎంత మంచిదో! ఇక మన ఇంటికి ఆయా అక్కర్లేదు" అన్నారు మా ఆయన. అత్తగారు మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఇది కుక్కేనట్రా? గుర్రం కాదుగదా?" అన్నారు.

దానికి మంచితనంతో పాటు ఒక వృత్తిధర్మం కూడా ఉందని వారంలో తెలిసింది. అది ప్లాంటులో తుక్కు యార్డు గేటు దగ్గర పనిచేసిన కుక్క. ఫ్యాక్టరీలో దొంగ లోపలికి రావడం సమస్య కాదు. వచ్చేవాళ్ళంతా ఉద్యోగులే. రాగి ముక్కో ఇత్తడి ముక్కో పట్టుకుని బయటికి పోవడమే సమస్య. అందుకని దానికి ఒకటే నేర్పారు. లోపలికి వచ్చేవాడి జోలికి పోవద్దు. ఉత్త చేతులతో బయటికి పోయేవాడి జోలికీ పోవద్దు. చేతిలో వస్తువుతో గేటు దాటేవాడి బట్ట పళ్ళతో పట్టుకో, "ఛోడ్" అనేదాకా వదలకు.

దీంతో మా ఇల్లు లోకంలో ఎక్కడా లేని ఇల్లయింది. ఎవరైనా రావచ్చు. సులువుగా పోలేరు. పాలవాడు ఖాళీ క్యాను పట్టుకుని, లుంగీ అంచు కుక్క నోట్లో ఉండగా, "అమ్మా, జెర జల్దీ రాండ్రి, లుంగీ పోతున్నది!" అని అరిచేవాడు. పక్కింటావిడ గిన్నెడు పంచదార అప్పు తీసుకుని వెళ్ళలేక కూర్చుని, కాఫీ కూడా తాగి వెళ్ళేది. మా ఆయన ట్రంకుపెట్టెతో విజయవాడ బయలుదేరి గేటు దగ్గర చిక్కుకుని, ఛోడ్ అంటే ఛోడ్ అని బతిమాలుకున్నా, పెట్టె పెద్దది కావడం వల్లనో ఏమో అది నమ్మలేదు. బస్సు పోయింది. అత్తగారు పుట్టి బుద్ధెరిగి హిందీలో నేర్చిన మాట ఆ ఒక్కటే. అది మాత్రం అనర్గళంగా మాట్లాడేవారు.

ఒక మధ్యాహ్నం సుధ క్యారియర్ మూత చేత్తో పట్టుకుని, ఎవరో సరిగా వేయని గేటు తోసుకుని బయటికి నడిచింది. అత్తగారు నిద్రలో ఉన్నారు. సంగారెడ్డి వైపునుంచి లారీ వస్తోంది. ఎదుటి చాయ్ హోటలువాళ్ళు చూసి లేచేలోపే సుల్తాన్ కుంటుకుంటూ వెళ్ళి పిల్ల గౌను పట్టుకుని నిలబడిపోయింది. లారీ పోయింది. పిల్ల మూతతో కుక్క నెత్తిన మోగించింది. సాయంత్రానికి వీధి వీధంతా మా ఇంట్లోనే ఉంది. అత్తగారు కుక్క నుదుట బొట్టు పెట్టి, పెరుగన్నం కలిపి పెట్టారు. గుర్రమా అన్న నోటితోనే, "నాయనా, నువ్వే ఇంటికి పెద్ద దిక్కువి" అన్నారు. మా ఆయన ఆ కథ స్టోర్సులో చెప్పిన ప్రతిసారీ లారీ కొంచెం దగ్గరికి వచ్చేది. నాకైతే గుండె మీదనుంచి పెద్ద బరువు దిగిపోయింది. ఇక ఉద్యోగం మానక్కర్లేదు. నాకంటే నమ్మకమైన మనిషి ఇంట్లో ఉంది, దానికి మధ్యాహ్నం నిద్ర లేదు.

మర్నాడు ల్యాబులో అందరికీ చెప్పాను. అందరూ ఆహా అన్నారు. విఠల్‌రావుగారు ఒక్కరే ఒక ప్రశ్న అడిగారు.

"పాప చేతుల ఏమన్న ఉండెనా?"

"క్యారియర్ మూత సార్."

ఆయన కాసేపు మిషను వంక చూసి, "ఐతారం వస్త, ఇంట్ల ఉంటరు గద?" అన్నారు.

ఆదివారం పొద్దున స్కూటరు మీద సంచీడు జామకాయలతో వచ్చారు. కుర్చీ ఊపి చూసి కూర్చున్నారు. తర్వాత కుర్చీ వదిలి నేల మీద కూర్చుని, సుల్తాన్ పొట్ట గోకుతూ దానితో ఉర్దూలో చాలాసేపు మాట్లాడారు. అది నాలుగు కాళ్ళూ పైకెత్తి పడుకుంది. మా ఆయన మురిసిపోయారు. అప్పుడు విఠల్‌రావుగారు లేచి గేటు బయటికి వెళ్ళి, రోడ్డుకు అడ్డంగా నిలబడి, అటూ ఇటూ బండ్లేవీ రావడం లేదని చూసి, "ఇప్పుడు పాపకు గా మూత ఇచ్చి పంపు" అన్నారు.

సుధ మూత పట్టుకుని నడిచింది. సుల్తాన్ లేచి గౌను పట్టుకుంది. మా ఆయన చప్పట్లు కొట్టారు. అత్తగారు గర్వంగా ఛోడ్ అన్నారు.

"ఇగ మూత తీసుకొని ఉత్తగ పంపు."

సుధ ఉత్త చేతులతో నడిచింది. సుల్తాన్ ఒక కన్ను తెరిచి చూసింది. పంజా మీద గడ్డం సర్దుకుని ఆ కన్ను కూడా మూసుకుంది. పిల్ల గేటు దాటింది. మట్టి దాటింది. తారు మీద కాలు పెట్టబోతుండగా విఠల్‌రావుగారు వంగి ఎత్తుకున్నారు. ఎత్తుకున్న పిల్లతో లోపలికి వచ్చి నాకు అందించి అన్నారు:

"అది బిడ్డను ఆపలేదమ్మా. మూతను ఆపింది."

ముందుగా తేరుకున్నది అత్తగారు. "అయితే ఇన్నాళ్ళూ ఇది గిన్నెలకు కాపలా కాస్తోందన్నమాట. నా పెరుగన్నం!" అన్నారు.

మా ఆయనకు కోపం వచ్చింది. పెద్దమనిషి, పైగా నా ఆఫీసరు కాబట్టి దాన్ని మెత్తగా బయటపెట్టారు. "మీ ఇంట్లో కుక్క ఉందాండీ?"

"లేదు మూర్తిగారూ. గందుకే నాకు సాఫ్‌గ కనవడ్తున్నది."

"ఏదైతేనేం, పిల్లనేమీ చెయ్యదు కదా. చెవులు పీకినా ఊరుకుంటుంది. ఇంత మంచి కుక్కను…"

"మంచి కుక్కనే. నేను గాదన్ననా? దానికి నేర్పింది అది చేస్తున్నది. నేర్పనిది గూడ చేస్తదని మీరనుకుంటున్నరు."

నేను అడగదలచుకోని ప్రశ్న నా నోటినుంచే వచ్చింది. "సార్, ఎప్పుడైనా పిల్లను కరుస్తుందంటారా?"

"ఎరుక లేదు."

"మీ ఉద్దేశం చెప్పండి."

"ఉద్దేశం ఎవనిక్కావాలె? మన కాడ ఎట్ల తెలుసుకుంటం? తెంపి చూస్తం. ఒక్క ముక్క పోతే పోయింది, మిగిలిన మాల్ ఉన్నది గద అనుకుంటం. గిక్కడ ఏం తెంపుతవ్?" ఆయన సుధ చేతిలో ఒక జామకాయ పెట్టారు. "ఇంతదాక చెవి గుంజితే ఊకున్నది. ఎంత గుంజితే ఊకోదో తెల్వదు. కోపమే రావాల్నా ఏంది, సంతోషమొచ్చి ఒక్కసారి మీద దుంకితే సాలు. దాని బరువెంత, దీని బరువెంత? గీ టెస్టు మనం చేయలేం. చేయలేనప్పుడు తెల్వదనే రాసుకోవాలె. రాసుకొని దానికి తగ్గట్టు ఉండాలె."

"అంటే నేను ఉద్యోగం మానుకోవాలన్నమాట" అన్నాను.

ఆయన నన్ను చాలా చిరాకుగా చూశారు. తప్పు అంకె వేసినప్పుడు చూసే చూపు అది. "మానుమని ఎవరన్నరు? కుక్క డ్యూటీ కుక్క చేస్తున్నది. నీ డ్యూటీ గూడ దాని మీద పెట్టినవ్. అది వాపస్ తీసుకొమ్మంటున్న. మానిపిచ్చుటానికైతే నేను పెట్రోలు పోసుకొని ఇంత దూరం ఎందుకొస్త?"

ఆ వారమే వసారాకు ఇనప ఊచల కటకటాలు వచ్చాయి. పటాన్‌చెరు వెల్డింగు షాపువాడి నెత్తిన నిలబడి ఆయనే చేయించారు. ఊచకూ ఊచకూ మధ్య సుధ పిడికిలి పెట్టి చూసి, అది పట్టదని తేలాకే ఒప్పుకున్నారు. గొళ్ళెం పెద్దవాళ్ళ ఛాతీ ఎత్తున. పిల్ల వసారాలో, కుక్క వాకిట్లో. "పెద్దోళ్ళు ఎవరన్న ఆడ కూసున్నప్పుడు తీయుండ్రి. లేస్తే ఎయ్యుండ్రి" అన్నారు. నన్ను ఫస్టు షిఫ్టుకు మార్చారు. పొద్దున్న ఆరుకు వెళ్ళి రెండింటికి వచ్చేయవచ్చు. ఇక మిగిలింది అత్తగారి కునుకు. ఆవిడ భోజనాన్ని నేను వచ్చేదాకా ఆపుకున్నారు. ఆవిడ జీవితంలో అంతకు మించిన త్యాగం చేసినట్టు నేనెరగను.

మా ఆయన చాలా రోజులు ఆ ఊచల వంక చూడకుండానే ఇంట్లో తిరిగారు. సాయంత్రాలు తానే వాకిట్లో పీట వేసుకుని కూర్చుని, గొళ్ళెం తీసి, పిల్లనూ కుక్కనూ ఆడించేవారు. వాళ్ళిద్దరూ ఆడుతుంటే చూడముచ్చటగా ఉండేది. సుధ దాని పొట్ట మీద తల పెట్టుకుని పడుకుంటే, "దీన్నా జైల్లో పెట్టించారు మీ సారు" అనేవారు. లోపల నాకూ అలాగే అనిపించేది.

ఏడాది పైన అంతా సవ్యంగా జరిగింది. మేం వేసుకున్న లెక్కలో ఒకే ఒక్కటి మరిచిపోయాం. అది ఏకాదశి. అదివరకటి ఏకాదశులు ఎలాగో గట్టెక్కాయి, ఆ ఒక్కటీ గట్టెక్కలేదు. ఆ రోజు అత్తగారికి భోజనం లేదు. భోజనం లేదు కాబట్టి ఆపుకోవలసిన పనీ లేదు. ఉపవాసపు నీరసానికి మధ్యాహ్నం కాగానే వసారాలో పిల్ల పక్కనే ఒరిగి నిద్రపోయారు. నేను ఇంటికి వచ్చేసరికి ఆవిడ లేచి కూర్చుని దిక్కులు చూస్తున్నారు. పెద్ద చప్పుడయి మెలకువ వచ్చిందట. మసక కళ్ళకు ఏమీ తెలియలేదు. సుధ ఊచల దగ్గర చతికిలబడి, చేతిలో సగం తిన్న అప్పడంతో కిలకిల నవ్వుతోంది. సుల్తాన్ వాకిట్లో దూరంగా నిలబడి రొప్పుతోంది. దాని మూతి మీద చర్మం చీరుకుపోయింది. మధ్యలో ఒక ఊచ, సరిగ్గా పిల్ల తల ఎత్తున, వసారా వైపుకు వంగి ఉంది.

ఇనప ఊచ వంగాలంటే ఎంత బలం కావాలో లెక్క వేయగలిగిన మనిషిని నేను. ఆ రోజు లెక్క వేయలేదు. పిల్లను ఎత్తుకుని నేల మీద కూర్చుండిపోయాను.

మర్నాడు విఠల్‌రావుగారు డ్యూటీ అయ్యాక వచ్చారు. ఊచ మీద బొటనవేలు పెట్టి వంపును మెల్లగా తడిమారు. మా ఆయన ఆయనకంటే ముందే అందుకున్నారు. "అప్పడం చూసి ఆడుకోవడానికి దూకి ఉంటుందండీ. దాని స్వభావం నాకు తెలుసు."

"అయ్యుండొచ్చు" అన్నారాయన.

"కాకపోయి ఉంటే?" అన్నాను నేను.

"గదీ అయ్యుండొచ్చు. చూసిందెవరు?" ఊచ మీదనుంచి చెయ్యి తీసి ప్యాంటుకు తుడుచుకున్నారు. "వంగింది. తెగలే. గంతే మనకెరుక."

నేను చెప్పాను చూశారా అని అనడానికి ఆయనకు అంతకు మించిన అవకాశం జీవితంలో రాదు. అనలేదు. మూతి చీరుకున్న సుల్తాన్ పక్కన నేల మీద కూర్చుని దాని గాయానికి మందు రాశారు. వెళ్ళేటప్పుడు సుధను ఎత్తుకోబోయి, ఎందుకో ఎత్తుకోకుండా నెత్తి మీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయారు.

సుల్తాన్ మాతో చాలా కాలమే ఉంది. ముసలిదై, చెముడు వచ్చి, చివరికి ఛోడ్ అన్నా వినిపించని స్థితిలో, దొంగలను పట్టుకునే ఓపిక లేక అందరినీ అన్నీ పట్టుకుపోనిచ్చి, ఒక ఎండాకాలం పోయింది. దాని జన్మలో ఒక్కరినీ కరవలేదు. "ఒక్కసారైనా కరిచిందా?" అని మా ఆయన తను పోయేదాకా నన్ను అడుగుతూనే ఉన్నారు. లేదనే చెప్పేదాన్ని. ఊచలు లేకపోయినా కరిచేది కాదేమో. ఊచలున్నాయి కాబట్టి కరవలేదేమో. తెగని ముక్క ఏ విషయమూ చెప్పదు. ఈ సంగతి ఆయనకు వివరించడం నా వల్ల కాలేదు. ఇప్పటికీ ఎవరికైనా వివరించగలనో లేదో తెలియదు.

విఠల్‌రావుగారు రిటైరయ్యాక సంగారెడ్డిలో జామతోట చూసుకుంటూ ఉండేవారు. ఒకసారి వెళ్ళాను. నేను అప్పటికి ల్యాబులో ఆయన గదిలో, ఆయన కుర్చీలో ఉన్నాను. అరుగు మీద నా కోసం కుర్చీ వేయించారు. మాట్లాడుతూనే కుర్చీ వీపు పట్టుకుని ఊపాను. ఎడమ చేత్తోనే. నాకు తెలియకుండానే జరిగింది. ఆయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు. "నీకు గూడ అంటుకున్నదా? ఇగ నీ మీద ఎవరు నవ్వుతున్నరో సూసుకో" అన్నారు. అదే ఆఖరు చూపు. పోయారన్న కబురు అందేసరికి అన్నీ అయిపోయాయి. ఆ కిరాయి ఇల్లు రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. దానితో పాటే ఆ ఊచా పోయింది. నాకు మిగిలింది ఎడమ చేతి అలవాటు ఒకటీ, అడిగినవాళ్ళకు తెలియదు అని చెప్పగల ధైర్యం ఒకటీ. రెండోది ఉన్నవాళ్ళను జనం పెద్దగా సలహాలు అడగరు. ప్రాణానికి హాయిగా ఉంటుంది.

ఎదుటి ఫ్లాట్ అమ్మాయి మాత్రం మళ్ళీ అడగడానికి నిన్న సాయంత్రం ఇంటికే వచ్చింది. సుధ కూడా ఉంది. ఉద్యోగం హైదరాబాదులో, వారానికోసారి నన్ను చూసిపోతుంది. యాభై దాటిన మనిషి. వంటింట్లో టీ కాస్తోంది. నేను ఆ అమ్మాయికి తోచినంత చెప్పాను. కుక్క మంచిదా కాదా అని అడగొద్దు, దానికి ఏం నేర్పుతున్నావో చూసుకో. మీ ఇద్దరూ ఆఫీసుకు వెళితే ఇంట్లో ఎవరుంటారు, వాళ్ళు ఎప్పుడు నిద్రపోతారు, ఏ రోజు ఉపవాసం ఉంటారు, అదీ చూసుకో. మధ్యన ఒక తలుపు పెట్టించుకో, గొళ్ళెం పైన ఉండాలి. అది జన్మలో ఎవరినీ కరవకపోవచ్చు. అప్పుడు నీ తలుపు దండగ అని అందరూ అంటారు. అననీ. తలుపు ఎందుకని ఆ అమ్మాయి అడిగితే సుల్తాన్ కథా, ఊచ కథా చెప్పాను. అది ఎందుకు దూకిందో నాకు ఇప్పటికీ తెలియదన్నాను.

సుధ టీ కప్పులు తెచ్చి బల్ల మీద పెట్టింది. నాది నా ముందుకు జరిపింది.

"ఆడుకోవడానికే వచ్చిందమ్మా. నేనే పిలిచాను. నేనక్కడున్నాను. నువ్వు లేవు."